‘ఊరికే’ అని 43 సార్లు రాశావు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది పాలకొండ దగ్గర పల్లె. విశాఖలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతూ ఎంవీపీ కాలనీలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. ఈ సెమిస్టర్లో మీడియా మీద ఒక ఎలెక్టివ్ తీసుకున్నాను. ఫోను, టీవీ, పేపరు ఏది ఎంతసేపు చూశాం, ఎందుకు చూశాం, చూశాక ఎలా అనిపించింది, ఏడు రోజులు డైరీ రాయమన్నారు. రాశాను. మొత్తం కూడితే 38 గంటలు వచ్చింది. సిగ్గేసింది. ఇంటర్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం 2020లో నాన్న అప్పు చేసి కొన్న ఫోనుతో మొదలైంది ఇదంతా. ఇన్‌స్టాగ్రామ్ రెండుసార్లు తీసేశాను, మూడోరోజుకి మళ్లీ వేసేశాను. నా రూమ్మేట్ అన్నీ డిలీట్ చేసేసి హాయిగా ఉందంటోంది. ‘ఆ ఫోను నిన్ను తినేస్తోంది’ అంటారు నాన్న. నాకు విల్‌పవర్ లేదేమో అనిపిస్తోంది. నేను కూడా అన్నీ తీసేయాలా? డైరీ పేజీల ఫొటోలు పంపుతున్నాను. అందులో శనివారం లెక్క మరీ తక్కువ వచ్చింది, తప్పయి ఉంటుంది. ఇంకో డౌటు, మా కాలేజీ మేడమ్‌కి సబ్మిట్ చేసేటప్పుడు గంటలు కొంచెం తగ్గించి రాయొచ్చా?
– ఓ విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: తల్లీ, నీ ఉత్తరం కన్నా నీ డైరీ పేజీల మీదే ఎక్కువసేపు కూర్చున్నాను. ఫోనులో అక్షరాలు ఆనక, వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింట్లు తీయించుకొచ్చి ఏడు కాగితాలూ డైనింగ్ టేబుల్ మీద వరసగా పరిచాను. ఉత్తరంలో కనిపించే అమ్మాయి వేరు, ఈ కాగితాల్లో కనిపించే అమ్మాయి వేరు. ఉత్తరంలో అమ్మాయికి విల్‌పవర్ లేదు. కాగితాల్లో అమ్మాయి మాత్రం వారం పాటు, రాత్రి రెండు దాటినా సరే, ఆ రోజు లెక్క దాచకుండా రాసుకుని పడుకుంది. నేను ఏటా జనవరి ఒకటిన డైరీ మొదలుపెట్టి సంక్రాంతికి ఆపేసే రకం. కాబట్టి విల్‌పవర్ సంగతి నా దగ్గర ఎత్తకు.

‘ఎందుకు తెరిచాను’ అన్న గడిలో నువ్వు ‘ఊరికే’ అని 43 సార్లు రాశావు. పెన్సిలుతో టిక్కులు పెట్టి మరీ లెక్కపెట్టాను. వేరే కారణాలు కూడా ఉన్నాయి. ‘అమ్మ కాల్’, ‘గ్రూపులో ల్యాబ్ నోట్స్’, ‘స్కోరు’, ‘బస్సు ఎక్కడుందో’. వాటి పక్కన నిమిషాలు చూడు: ఆరు, నాలుగు, మూడు. పని అయింది, ఫోను పక్కన పడేశావు. ‘ఊరికే’ పక్కన నిమిషాలు చూడు: 55, 70, ఒకచోట 140.

ఊరికే అనే మాటని మనం ఎప్పుడు వాడతాం? సాయంత్రం పూట పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి ‘ఊరికే వచ్చానండీ’ అంటే, ఆవిడకి చెప్పుకోవాల్సిందేదో ఉన్నట్టు. ఎర్రబడ్డ కళ్లతో బడి నుంచి వచ్చిన పిల్లాణ్ణి ఏమైందిరా అంటే ‘ఏం లేదు, ఊరికే’ అంటాడు. నీ 43లో సగం నిజంగానే ఊరికేలు కావచ్చు. బస్సు రాలేదని, నీళ్లు కాగలేదని తెరిచినవి. వాటి జోలికి నేను పోను. మిగతా సగం గురించి మాట్లాడుకుందాం.

సోమ, మంగళ, గురు, శుక్రవారాలు నాలుగున్నర గంటల నుంచి అయిదు గంటల ఇరవై నిమిషాల మధ్యలో తిరిగాయి. బుధవారం ఏడున్నరకి ఎగిరింది. ఆదివారం ఎనిమిది. నువ్వు ఏడింటినీ కలిపేసి 38 అని ఒక బండరాయి తయారుచేసి నెత్తిన పెట్టుకున్నావు. విడదీసి చూస్తే ఈ రెండు రోజులే 15 గంటల 30 నిమిషాలు.

బుధవారం పేజీ తీసి చూడు. సాయంత్రం 6:30కి ‘మెయిల్, ఇంటర్న్‌షిప్ లిస్టు, పేరు లేదు’ అని ఉంది. నాలుగు నిమిషాలు. ఆ వెంటనే ఉద్యోగాల సైటు లింక్డ్‌ఇన్ 45 నిమిషాలు. తర్వాత రీల్స్. భోజనం దగ్గర యూట్యూబ్. మళ్లీ రీల్స్. రాత్రి 11:50 నుంచి 2:10 దాకా ‘ఊరికే’. వారం అంతా ‘చూశాక ఎలా అనిపించింది’ గడిలో బాగుంది, బోర్, తలనొప్పి అని ఏదో ఒకటి రాసిన పిల్లవి, ఆ రాత్రి మాత్రం గడి ఖాళీగా వదిలేశావు.

ఆదివారం ఏడింటికి ఇంటికి వీడియో కాల్, 22 నిమిషాలు. దాని పక్కన ‘నాన్న అడిగారు’ అని రాసి కొట్టేశావు. కొట్టివేత మీద ఇంకో గీత కూడా గీశావు గానీ ప్రింటులో స్పష్టంగానే కనిపిస్తోంది. ఏమడిగారో నువ్వు రాయలేదు, నేనూ అడగను. మూడో సంవత్సరం పిల్లని అప్పు చేసి చదివిస్తున్న తండ్రి ఆదివారం సాయంత్రం ఏమడుగుతాడో ఈ జిల్లాల్లో ఎవరికి తెలీదు? ఆ కాల్ పెట్టేశాక నువ్వు ఒంటిగంట దాటేదాకా ఫోను వదల్లేదు.

నాకు కనిపిస్తున్నది ఇది: ఆ రెండు రాత్రులూ నిన్ను ఫోను లాక్కుపోలేదు. నువ్వే దాని కిందికి దూరావు, చలేస్తే దుప్పటి కప్పుకున్నట్టు. అందుకే ఇన్‌స్టాగ్రామ్ తీసేస్తే మూడోరోజుకి మళ్లీ కావాల్సి వచ్చింది. దుప్పటి తీసేశావు, చలి అలాగే ఉంది.

అలాగని ఆ కంపెనీల తప్పేం లేదని నేను అనను. మీ నాన్నగారు క్లాసుల కోసం ఫోను కొన్న ఏడు ఎలాంటిదో చూడు. 2020 జూన్ 29న టిక్‌టాక్ మీద మన దేశంలో నిషేధం పడింది. పది రోజులు తిరక్కుండానే, జూలైలో, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలుపెట్టింది. సెప్టెంబర్లో యూట్యూబ్ షార్ట్స్ ముందు మన దగ్గరే దిగింది. పదిహేనేళ్ల పిల్లలు ఇంట్లో కూర్చుని చేతుల్లో కొత్త ఫోనుతో జూమ్ క్లాసులు వింటున్న ఏడు అది. పాఠమూ రీలూ ఒకే తెర మీద, ఒకే వేలితో నేర్చుకున్నారు మీరు. మా తరానికి పుస్తకం బల్ల మీద, రేడియో అలమరలో, సినిమా జగదాంబ సెంటర్లో ఉండేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే లేచి నడవాలి.

ఇంకొకటి కూడా ఉంది. ఈనాడు మన ఊళ్లోనే మొదలైంది, 1974 ఆగస్టు 10న. మా నాన్న ఆ పేపరు చదివే పద్ధతి నాకింకా గుర్తు. ముందు మొదటి పేజీ, తర్వాత జిల్లా వార్తలు, చివరికి ఆటల పేజీ, అయిపోయాక నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద పడేసి స్నానానికి లేచేవారు. పేపరు ఆయన్ని లేపేది, అయిపోవడం ద్వారా. సింహాచలం నుంచి వచ్చే 28 నంబరు బస్సు ఆర్కే బీచ్ దగ్గర ఆగిపోతుంది చూడు, డ్రైవరు గొప్పతనమేం లేదు, అవతల సముద్రం. నువ్వు వేలితో తోసే ఆ వరసకి అలాంటి బీచ్ లేదు. కిందికి జరిపేకొద్దీ కొత్తది వచ్చి పడేలా 2006లో తయారుచేసిన డిజైనర్ అజా రాస్కిన్, ఆ పని చేసినందుకు తర్వాత తనే నలుగురిలో విచారం వెలిబుచ్చాడు. కాబట్టి ‘నేనెందుకు ఆపలేకపోతున్నాను’ అని నిన్ను నువ్వు తిట్టుకునేటప్పుడు, ఆగే చోటు లేకుండా కట్టిన దారి అది అన్న సంగతి కూడా లెక్కలో వేసుకో.

చెయ్యి ఎంత అలవాటు పడుతుందో నాకు హుద్‌హుద్ తుఫాను నేర్పింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. కరెంటు పోయింది, టవర్లు పోయాయి. రెండోరోజుకి నా ఫోను పూర్తిగా చచ్చిపోయింది. పాల కోసం క్యూలో నిలబడి ఉన్నాను. ముందు పాతికమంది. నా చెయ్యి దానంతటది సంచిలోకి వెళ్లి ఫోను తీసింది, బొటనవేలు బటన్ నొక్కింది, నల్ల అద్దంలో నా మొహం నాకే కనిపించింది. లోపల పెట్టేశాను. అయిదు నిమిషాలకి మళ్లీ అదే. మూడోసారి వెనక నిలబడ్డ పెద్దావిడ ‘ఏటమ్మా, బతికిందేటి?’ అని అడిగింది. చచ్చిన ఫోను అని బుర్రకి తెలుసు, చేతికి తెలీదు. ఇప్పటికీ బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినపడితే చాలు, గాలి మ్యాపులు తెరిచి గంటకి నాలుగుసార్లు చూస్తాను. నిన్న నా స్క్రీన్ టైమ్ 4 గంటల 5 నిమిషాలు. తుఫానేమీ లేదు కూడా.

ఇప్పుడు ఒక చిన్న తగువు. లింక్డ్‌ఇన్ని నువ్వు ‘చదువు’ ఖాతాలో రాశావు. అక్కణ్ణించి తీసెయ్. వారం మొత్తం మీద అందులో 5 గంటలు గడిపావు, ఎక్కడా ‘అప్లై చేశాను’ అని లేదు. ఉన్నదల్లా ‘ఫలానా సీనియర్‌కి వచ్చింది’, ‘మన బ్యాచ్ వాళ్లకి వచ్చింది’. పేరు రాని లిస్టు చూసిన నాలుగు నిమిషాలకి, పేర్లు వచ్చినవాళ్ల ఫొటోలు 45 నిమిషాలు చూశావు తల్లీ. పిల్లుల రీల్స్ చూస్తే కనీసం నవ్వైనా వస్తుంది. ఉద్యోగం వచ్చినవాళ్లు పోస్టు పెడతారు, రానివాళ్లు రాలేదని పోస్టు పెట్టరు, కాబట్టి అక్కడ అందరికీ వచ్చేసినట్టే కనిపిస్తుంది. నీ క్లాసులో ఆ సాయంత్రం పేరు లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడు. అందులో ఒకరిద్దరు నీ ఫ్లోర్‌లోనే, పక్క గదిలోనే, దుప్పటి కింద అదే పని చేస్తూ ఉండి ఉంటారు.

అన్నీ తీసేయాలా అని అడిగావు. నీ రూమ్మేట్ తీసేసి హాయిగా ఉందంటే సంతోషం. కానీ నీకు క్లాసు గ్రూపు ఫోనులోనే, అమ్మ ముఖం ఫోనులోనే, బస్సు ఫోనులోనే. మీ హాస్టల్ నుంచి నడిస్తే వచ్చే పెదజాలారిపేట వైపు ఎప్పుడైనా తెల్లారే వెళ్లావా? ఒడ్డు మీద నిలబడి పెద్ద వల లాగుతుంటారు. వాకింగ్‌కి వచ్చినవాళ్లందరూ పని మానుకుని చుట్టూ చేరతారు, ఏం పడిందో చూద్దామని. రోజూ అదే చేప, అంతే పడుతుందని తెలిస్తే ఎవరూ ఆగరు. ఒకసారి చెత్త, ఒకసారి జెల్లీ చేపలు, ఒకసారి వెండిలా మెరిసే సావిళ్లు. నీ వేలు రీల్స్‌లో లాగుతున్నదీ అలాంటి వలే. తర్వాతది బాగుంటుందేమో అని.

ఆ జాలర్ల దగ్గరే ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని మర బోట్లన్నీ ఫిషింగ్ హార్బర్లో కట్టేస్తారు. చేత్తో తోసుకునే తెప్పలకి మాత్రం నిషేధం వర్తించదు. ఎప్పటికీ వేటాడం అని ఎవరూ ఒట్టు పెట్టుకోరు. తేదీ ఉంటుంది, కారణం ఉంటుంది, ఏది ఆపాలో ఏది ఆపక్కర్లేదో ముందే తేల్చి ఉంటుంది. నువ్వు రెండుసార్లు ఇన్‌స్టాగ్రామ్ తీసేసినప్పుడు ఈ మూడింటిలో ఏదీ లేదు. సెమిస్టర్ పరీక్షలకి ముందు మూడు వారాలు రీల్స్, షార్ట్స్ బంద్ అనుకో, క్యాలెండర్ మీద రెండు తేదీలూ రాయి. అమ్మ కాలూ, క్లాసు గ్రూపూ తెప్పలు, అవి తిరుగుతూనే ఉంటాయి.

మామూలు రోజులకి నేను చెప్పేవి కొన్నే. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి పాతది చెరిపెయ్, తెరవగానే ముందు పేజీలో సిఫార్సులు ఉండవు, నీకేం కావాలో నువ్వే వెతుక్కోవాలి. ఇది నేను చేశాను, బాగా పనిచేసింది. చార్జర్‌ని మంచం పక్క ప్లగ్గు నుంచి తలుపు పక్క ప్లగ్గుకి మార్చు. హాస్టల్లో పొద్దున్నే లేపడానికి అలారం కావాలంటావు. కావాలి, అందుకే తలుపు దగ్గర. లేచి నడిచి ఆపితే నిద్ర కూడా వదులుతుంది. లింక్డ్‌ఇన్ యాప్ ఫోనులోంచి తీసేసి, వారానికొకసారి పగటిపూట ల్యాప్‌టాప్‌లో, అప్లికేషన్లు పెట్టడానికే తెరువు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చేస్తే ఇంకా మంచిది. చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు పుస్తకాల్లో తలదూర్చి ఉంటారు, రిజల్ట్ రానివాళ్లే అందరూ, నీకు ఒంటరిగా అనిపించదు. టైమర్లూ, తెరని నలుపు తెలుపు చేసే సెట్టింగులూ ఉన్నాయి, కావాలంటే పెట్టుకో. నాకైతే ‘ఇంకో పదిహేను నిమిషాలు’ అని నొక్కడం అలవాటైపోయి అవి పనికిరాకుండా పోయాయి.

అసలు పని ఇంకోటుంది, అది నీ ఫోనులో ఏ సెట్టింగూ చేయదు. వచ్చే ఆదివారం ఏడింటికి కాల్ చేసినప్పుడు, నాన్నగారు అడగకముందే నువ్వే చెప్పు. ‘నాన్నా, బుధవారం లిస్టులో నా పేరు రాలేదు’. అంతే. కారణాలు, ఇంకోదానికి ప్రయత్నిస్తున్నానన్న మాటలు తర్వాత. ఆయనకి నీ కాలేజీ తెలీదు, కోడింగ్ టెస్టు అంటే ఏంటో తెలీదు. ఆయనకి కనిపించేది ఆయన అప్పు చేసి కొన్న ఫోను ఒక్కటే, అందుకే ‘తినేస్తోంది’ అని దాన్నే తిడుతున్నారు. తిట్టడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు మరి, నువ్వేం చెప్పడం లేదు కదా. చెప్పాక కోప్పడితే కోప్పడతారు. ఒక పూట ముఖం ముడుచుకుంటారు. అది రాత్రి ఒంటిగంట దాకా చూసే రీల్స్ కన్నా తొందరగానే అయిపోతుంది.

చెప్పాక కూడా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఫోను అలవాటే అనుకుని వదిలేయకు. కాలేజీలో కౌన్సిలర్ ఉంటే వెళ్లు, లేదా 14416కి చెయ్యి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, డబ్బులుండవు, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక శనివారం. 2 గంటల 50 నిమిషాలు. తప్పయి ఉంటుందన్నావు. నేను రెండుసార్లు కూడాను, లెక్క సరిగ్గానే ఉంది. ఆ పేజీలో ఏముందో నువ్వే మరిచిపోయినట్టున్నావు. పొద్దున్న నలుగురూ భీమిలి బస్సెక్కారు. గోస్తని సముద్రంలో కలిసే చోట ఫొటోలు, 12 నిమిషాలు. డచ్చి వాళ్ల సమాధుల దగ్గర ఒక రాయి మీద అక్షరాలు చదవడానికి ఫోను టార్చి వేశారట, దాన్ని కూడా ‘2 నిమిషాలు’ అని రాశావు. నవ్వొచ్చింది. తిరిగొచ్చాక ఆర్కే బీచ్‌లో మూరీ మిక్చర్ తింటూ ‘ఫోను బ్యాగులో ఉండిపోయింది’ అని రాశావు. ఆ రోజు ఫోను చూడకూడదని నువ్వేం నియమం పెట్టుకోలేదు. అదే చెయ్యి, అదే ఫోను, అదే బలహీనమైన విల్‌పవర్.

సబ్మిట్ చేసేటప్పుడు తగ్గించి రాయొచ్చా అన్నదానికి, వద్దు. మీ మేడమ్ ఇలాంటి డైరీలు చాలా చూసి ఉంటారు, రెండు గంటలు అని రాసుకొచ్చిన పేజీని ఆవిడ నమ్మరు. 38 అనే రాయి. బుధవారం రాత్రి ఖాళీగా వదిలిన గడి ఉంది కదా, ఇచ్చే ముందు అది నింపు. ఎవరికీ చూపించడం ఇష్టం లేకపోతే ఇంకో కాగితం మీద రాసి నీ దగ్గర ఉంచుకో. శనివారం లెక్క మాత్రం కొట్టేయకు.